‘నిశాంత్’ పాలకుర్తి కథ కాదు: శ్యామ్ బెనెగల్ తెలంగాణ చిత్రణపై పునర్విచారం

శ్యామ్ బెనెగల్ 2024 డిసెంబరు 23న మరణించిన తరువాత ఆయన కృషిని తెలుగునాట పలువురు స్మరించుకొన్నారు. ఆ స్మరణలో గౌరవంతోపాటు ఒక తీర్మానం కూడా చోటుచేసుకొన్నది. ‘అంకుర్’, ‘నిశాంత్’ చిత్రాలు తెలంగాణ రైతాంగ పోరాటానికి దృశ్యరూప చరిత్రలనీ, బెనెగల్ ఆ పోరాటపు చిత్రకారుడనీ ఆ తీర్మానం చెబుతుంది. ఇది కొత్తది కాదు. దాదాపు ఐదు దశాబ్దాలుగా సినిమా సమీక్షల నుండి సాహిత్య విమర్శలోకి, అక్కడి నుండి తరగతి గదిలోకి పాకి వచ్చిన అభిప్రాయమే. పరీక్షకు నిలవకుండానే స్థిరపడిన ఈ అభిప్రాయం నిజం కాదని నిరూపించడం ప్రస్తుత వ్యాస లక్ష్యం. పరీక్షా స్థలం పాలకుర్తి. అక్కడ జరిగినదానిని ఒక పక్కన, బెనెగల్ తెరపై చూపినదానిని మరొక పక్కన పెట్టి చూస్తే తప్ప ఈ తీర్మానపు బలాబలాలు తేలవు.

బెనెగల్ ప్రతిభను తక్కువ చేయడం ఈ చర్చ ఉద్దేశం కాదు. 1934 డిసెంబరు 14న సికింద్రాబాదు తిరుమలగిరిలో జన్మించి, ఉస్మానియాలో అర్థశాస్త్రం చదివి, బొంబాయి ప్రకటనల రంగంలో పనిచేసి, నలభయ్యేళ్ళ వయసులో ‘అంకుర్’తో (1974) కథాచిత్ర రంగంలో ప్రవేశించిన దర్శకుడాయన. ‘నిశాంత్’ (1975), ‘మంథన్’ (1976), ‘భూమిక’ (1977) వరుసగా వచ్చాయి. దూరదర్శన్ కోసం 53 భాగాల ‘భారత్ ఏక్ ఖోజ్’ను, సత్యం శంకరమంచి కథల ఆధారంగా ‘అమరావతి కీ కథాయే’ను, తరువాతి కాలంలో రాజ్యాంగ రచనపై పది భాగాల ‘సంవిధాన్’ను (2014) నిర్మించాడు. 2005 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందాడు. ఇంత విస్తృతమైన కృషిని అంచనా కట్టడానికి పొగడ్త సరిపోదు. పొగడ్త ఆ కృషిలోని ప్రశ్నలను మూసివేస్తుంది.

1. పాలకుర్తిలో జరిగినది

నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి నిజాం కాలంలో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాకు చెందినది. ఆ ప్రాంతంపై విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి అధికారం సాగింది. ఆయన భూమి నలభై వేల ఎకరాలని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క చెప్పాడు. చాకలి కులానికి చెందిన చిట్యాల ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి వద్ద కౌలుకు తీసుకొన్న భూమిలో నాలుగెకరాలు సాగుచేసుకొన్నది. గడికి వెట్టిచేయవలసిన కులపు స్త్రీ సొంతంగా సాగుచేసుకోవడమే దేశ్‌ముఖ్‌కు కంటగింపు. దానికితోడు ఆమె ఆంధ్ర మహాసభలో, అంటే జనం నోట ‘సంఘం’లో చేరింది. 1940ల నడుమ ఆమె పంటను దోచుకొనిపోవడానికి దేశ్‌ముఖ్ మనుషులను పంపాడు. భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటి నాయకులు, సంఘం కార్యకర్తలు ఎదురునిలిచి పంటను కోసి, ఐలమ్మ ఇంటికి చేర్చారు. అరెస్టులు, కేసులు, ఇంటిపై దాడులు తరువాత వచ్చాయి. ఐలమ్మ వెనుకకు తగ్గలేదు. అదే దేశ్‌ముఖ్ ఏలుబడిలోని కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య కాల్పులలో నేలకొరిగాడు. పోరాటం సాయుధ రూపం దాల్చే దారిలో అది నిర్ణాయకమైన మలుపు.

ఈ ఉదంతంలో మూడు అంశాలు గమనార్హం. ఒకటి, కథా కేంద్రంలో ఉన్నది శ్రామిక స్త్రీ. ఆమె తన హక్కును తానే గుర్తించింది. రెండు, ఆమె బలం వ్యక్తిగత ఆగ్రహం నుండి వచ్చినది కాదు, సంఘం నుండి వచ్చినది. మూడు, వివాదం ధాన్యపు గింజ గురించి, కౌలు గురించి, వెట్టి గురించి. అంటే ఆర్థిక సంబంధాల గురించి. బెనెగల్ చిత్రాలలో ఈ మూడూ ఏమయ్యాయన్నదే ప్రశ్న.

2. ‘నిశాంత్’లో జరిగినది

‘నిశాంత్’ 1945లో ఒక సంస్థానపు గ్రామంలో జరుగుతుంది. విజయ్ టెండూల్కర్ స్క్రీన్‌ప్లే రాశాడు. ఊరి జమీందారు, అతని ముగ్గురు తమ్ముళ్ళు ఊరిని పీల్చి పిప్పిచేస్తుంటారు. కొత్తగా వచ్చిన బడిపంతులు భార్య సుశీలను తమ్ముళ్ళు ఎత్తుకొనిపోతారు. పోలీసులూ, అధికారులూ, వకీలూ పంతులుకు న్యాయం చేయరు. చివరకు పంతులు, గుడి పూజారి ఊరివారిని కూడగడతారు. ఉత్సవ దినాన జనం ఒక్కసారిగా గడిపై విరుచుకుపడతారు. ఆ ఆవేశంలో దోషులతోపాటు నిరపరాధులూ బలైపోతారు.

కాలం 1945, స్థలం తెలంగాణ, విషయం దొర దౌర్జన్యం. ఈ పోలికలు చాలునని భావించినవారే ఈ చిత్రాన్ని పోరాట చరిత్రగా చెల్లుబాటు చేశారు. పోలికల కింద ఉన్న భేదాన్ని చూడలేదు. 1945 నాటికి తెలంగాణ పల్లెలలో సంఘం లేని కథ అసాధ్యం కాకపోవచ్చు. కాని సంఘం లేని తిరుగుబాటు కథ చరిత్ర కాజాలదు. 1944 భువనగిరి మహాసభ తరువాత ఆంధ్ర మహాసభ రావి నారాయణరెడ్డి నాయకత్వంలో రైతుల వేదికగా మారింది. చందా కట్టి సంఘంలో చేరిన మనిషికి దొర ముందు నిలబడే ధైర్యం వచ్చింది. ‘నిశాంత్’లో ఈ చందా లేదు, ఈ సమావేశం లేదు, ఈ జెండా లేదు. ఉన్నది ఇద్దరు చదువరుల ప్రబోధం, దాని వెంట గుంపు ఉన్మాదం. పాలకుర్తిలో జనం పంట కోసి ఇంటికి చేర్చారు. తెరమీది జనం చంపి చెల్లాచెదరైపోయారు. మొదటిది రాజకీయం, రెండవది విస్ఫోటనం. రెండింటినీ ఒకటిగా చూపే విమర్శ, తెలిసో తెలియకో, సంఘటిత పోరాటాన్ని గుంపు చర్యగా చూసిన ఆనాటి పాలకుల దృష్టినే పునరుద్ధరిస్తున్నది.

స్త్రీ విషయంలో భేదం మరింత స్పష్టం. సుశీల అపహృత. ఆమె శరీరమే కథకు కారణం, ఆమె నిర్ణయం కాదు. గడిలో ఆమెకు కలిగే మానసిక సంక్లిష్టతను బెనెగల్ సున్నితంగా చిత్రించాడన్నది నిజమే. కాని తిరుగుబాటు ఆమెది కాదు. ఆమె పేరిట పురుషులు చేసినది. ఐలమ్మ పేరిట ఎవరూ పోరాడలేదు. ఆమె పోరాడింది, ఇతరులు ఆమెతో నిలిచారు. ‘నిశాంత్’ విడుదలైన నాటికి ఐలమ్మ పాలకుర్తిలో సజీవంగా ఉన్నది. ఆ తరువాత పదేళ్ళు బ్రతికి 1985 సెప్టెంబరు 10న మరణించింది. స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆమె మాట ముద్రితమై ఉన్నది. సాక్షి ఎదుట ఉండగా సాక్ష్యాన్ని ఊహ నుండి తెచ్చుకొన్న చిత్రాన్ని చరిత్ర అనడం విమర్శకుల తొందరపాటు.

3. భాష అన్న మూలప్రశ్న

సంఘం తెరమీద ఎందుకు కనిపించలేదన్నదానికి సమాధానం కథలో కన్నా భాషలో వెదకవలసి ఉన్నది. ‘అంకుర్’లో, ‘నిశాంత్’లో తెలంగాణ పల్లె జనం దక్కనీ ఛాయగల హిందీలో మాట్లాడతారు. బొంబాయి స్టూడియో హిందీకి బదులు దక్కనీని తెరకెక్కించడం ఆ రోజులలో సాహసమని ప్రశంస పొందింది. ఆ ప్రశంస న్యాయమైనదే. దక్కనీ కూడా తెలంగాణ నేల భాషే. దానిని పరాయిదనడం చరిత్ర తెలియని మాట. అయితే దక్కనీ ఎవరి నోట, ఎవరితో, ఏ సందర్భంలో వినిపిస్తుందన్నది ముఖ్యం. నిజాం రాజ్యంలో కచేరీ, రెవెన్యూ కాగితం, పోలీసు ఠాణా, న్యాయస్థానం ఉర్దూలో నడిచాయి. వెట్టిచేసే కుమ్మరి, చాకలి తమ ఇంట, తమ పొలంలో తెలుగు మాట్లాడారు. ఉర్దూ, దక్కనీ వారికి అధికారితో, జవానుతో తలపడినప్పటి భాషలు. అంటే ఆ పల్లెలో అధికారపు గీత భాష మీదుగానే సాగింది. దొరకూ, కూలికీ, పంతులుకూ ఒకే భాష ఇచ్చిన క్షణాన ఆ గీత తెరమీద చెరిగిపోయింది.

ఇది కేవలం వాస్తవికతకు సంబంధించిన సూక్ష్మ విషయం కాదు. ఆంధ్ర మహాసభ పుట్టుకే భాషావమానంలో ఉన్నది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుండి ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ తొలి సమావేశం జరిగింది. గ్రంథాలయాలు, పత్రికలు, తెలుగు చదువు అంటూ మొదలైన ఉద్యమం పదిహేనేళ్ళలో భూమి, వెట్టి, కౌలు దాకా నడిచింది. భాష నుండి భూమికి సాగిన ఈ దారిలోనే ఐలమ్మకు సంఘం చేరువైనది. దారిలో మొదటి మెట్టును తొలగించిన కథకు చివరి మెట్టు అందదు. తెలుగు లేని తెలంగాణలో సంఘం లేకపోవడం కాకతాళీయం కాదు.

‘అంకుర్’లో ఈ విషయం మరొక రూపంలో కనిపిస్తుంది. లక్ష్మి భర్త కిష్టయ్య కుమ్మరి. పుట్టు మూగ, చెవిటి. శ్రామిక పురుషుణ్ని మాటలేనివానిగా కల్పించడం బలమైన ప్రతీకగా ప్రశంసలందుకొన్నది. ఆ పాత్రధారి సాధు మెహర్‌కు, లక్ష్మి పాత్రధారిణి షబానా ఆజ్మీకి జాతీయ పురస్కారాలు లభించాయి. ప్రతీక బలాన్ని కాదనలేము. కాని తెలంగాణ శ్రామికుడు మూగవాడు కాడు. అతని మాట తెరకు వినిపించలేదు, అంతే. చిత్రాంతంలో లక్ష్మి దొరబిడ్డను శపించడం, పసివాడు కిటికీపై రాయి విసరడం మొలకెత్తే ధిక్కారానికి సూచనలు. అయితే 1974లో మొలకగా చూపిన ధిక్కారం ముప్పై ఏళ్ళ క్రితమే పాలకుర్తి పొలంలో పంటగా నిలిచింది.

4. బయటినుండి వచ్చే ఉద్ధారకుడు

బెనెగల్ తొలి చిత్రాలను వరుసగా చూస్తే ఒక నిర్మాణం బయటపడుతుంది. ‘అంకుర్’లో నగరం నుండి సూర్య వస్తాడు, కథ మొదలవుతుంది. ‘నిశాంత్’లో బడిపంతులు వస్తాడు; ఊరు మేల్కొంటుంది. ‘మంథన్’లో పశువైద్యుడు వస్తాడు, పాల సహకార సంఘం ఏర్పడుతుంది. గ్రామం తనంతట తాను కదలదు, కదిలించేవాడు వెలుపలి నుండి రావాలి. ‘మంథన్’ చివర డాక్టరు వెళ్ళిపోయిన తరువాత దళితుడు భోలా సంఘాన్ని నిలబెట్టడం ఈ నిర్మాణానికి గౌరవప్రదమైన మినహాయింపు. అయినా ఆ సంఘానికి బీజం వేసినది వెలుపలి విద్యావంతుడే.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. సంఘటిత జీవనాన్ని బెనెగల్ చిత్రించలేడని అనడానికి వీలులేదు. గుజరాతు పాడిరైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసి ‘మంథన్’ నిర్మించారు. అందులో సహకార సంఘం సజీవంగా ఉన్నది. చేనేత సహకార సంస్థల తోడ్పాటుతో వచ్చిన ‘సుస్మన్’లో (1987) పోచంపల్లి నేతగాడి మగ్గం, నూలు, అప్పు, దళారి, సహకార సంఘం అన్నీ వివరంగా కనిపిస్తాయి. నిర్మాణ వ్యవస్థకూ చిత్ర దృష్టికీ ఉన్న సంబంధం ఇక్కడ తేటతెల్లం. సంస్థ నిర్మించిన చిత్రంలో సంస్థ కనిపించింది. ప్రకటనల వ్యాపారంలో ఉన్న బ్లేజ్ సంస్థ నిర్మించిన ‘అంకుర్’, ‘నిశాంత్’లలో దౌర్జన్యం కనిపించింది, దానిని ఎదిరించిన సంస్థ కనిపించలేదు. రాజ్యం ఆమోదించిన సంఘానికి తెరమీద చోటున్నది. రాజ్యాన్ని ఎదిరించిన సంఘానికి లేదు. ఇది దర్శకుని చిత్తశుద్ధికి సంబంధించిన ఆరోపణ కాదు. ఆయన పనిచేసిన వ్యవస్థ గీసిన ఎల్ల ఎక్కడిదో గుర్తించడం మాత్రమే.

5. ప్రత్యాక్షేపాలు, సమాధానాలు

ఈ వాదంపై నాలుగు ఆక్షేపాలు రావచ్చు.

కళ చరిత్ర కానక్కరలేదన్నది మొదటిది. నిజమే. ‘నిశాంత్’ కళాఖండంగా ఉండడానికి చరిత్ర కానక్కరలేదు. కాని అదే నోటితో దానిని పోరాట చరిత్ర అనడం కుదరదు. నిందకు గురైనది చిత్రం కాదు, చిత్రానికి విమర్శ తగిలించిన బిరుదు.

అఖిల భారత ప్రేక్షకుల కోసం హిందీ అనివార్యమన్నది రెండవది. అనివార్యతను అంగీకరించవచ్చు, దాని మూల్యాన్ని లెక్కించకుండా ఉండలేము. సత్యం శంకరమంచి కథలలోని కృష్ణాతీరపు పలుకుబడి దూరదర్శన్‌లో హిందీ అయినప్పుడు కథ దేశానికి చేరింది, పలుకు ఇంటిదగ్గరే ఉండిపోయింది. తెలుగు శాఖలైనా ఆ నష్టాన్ని నమోదు చేయకపోతే మరెవరు చేస్తారు?

బెనెగల్ తెలుగులోనూ చిత్రం తీశాడన్నది మూడవది. 1978 నాటి ‘అనుగ్రహం’ వాణిశ్రీ, అనంత్ నాగ్, స్మితా పాటిల్ నటించిన చిత్రం. ‘కొండూరా’ పేరుతో హిందీలోనూ వచ్చింది. దాని మూలం మరాఠీ నవల. తెలంగాణ కథకు హిందీ, మరాఠీ కథకు తెలుగు లభించడం ఆయన వృత్తి జీవితంలోని వైపరీత్యం. ఈ ఆక్షేపం వాదాన్ని ఖండించకపోగా బలపరుస్తున్నది.

ఇది సంకుచిత ప్రాంతీయాభిమానమన్నది నాలుగవది. దీనికి ‘మా భూమి’యే సమాధానం. దాని దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. మూలం కృషన్ చందర్ ఉర్దూ నవల. అయినా బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాణంలో ఆ చిత్రం తెలంగాణ తెలుగులో మాట్లాడింది, గద్దర్ గొంతుతో పాడింది, సంఘాన్ని సంఘంగా చూపింది. దర్శకుడు ఏ ప్రాంతం వాడన్నది అక్కడ ప్రశ్నే కాలేదు. జనం మాట, జనం నిర్మాణం తెరమీద ఉన్నాయా అన్నదే ప్రశ్న. నరసింగరావు ‘దాసి’లో (1988) తిరుగుబాటు లేదు, సంఘం లేదు. అయినా దానిని చరిత్ర వక్రీకరణ అనలేము. ఎందుకంటే అది 1920ల గడిలోని దాసీ వ్యవస్థను వ్యవస్థగా, ఆ వ్యవస్థ భాషలో చూపింది. లేని తిరుగుబాటును కల్పించలేదు. చరిత్రకు విధేయంగా ఉండడమంటే ప్రతి చిత్రంలో జెండా ఎగరవేయడం కాదని ‘దాసి’ నిరూపిస్తున్నది.

6. పాలకుర్తి ఇచ్చే ప్రమాణం

ఈ చర్చకు అవసరమైన ప్రమాణాన్ని అరువు తెచ్చుకోనక్కరలేదు. పాలకుర్తి నేలలోనే అది ఉన్నది. పదమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు మార్గకవితా ప్రౌఢిని ఎరిగి ఉండి కూడా దేశి ద్విపదను, జానుతెనుగును ఎన్నుకొన్నాడు. ఎవరి కథ చెబుతున్నాడో వారికి వినబడే భాషలో చెప్పాలన్న నిర్ణయమది. ఆయన ‘బసవపురాణం’లో మడివాలు మాచయ్య అనే చాకలి భక్తుడు రాజుకు తలవంచని వీరుడు. ‘పండితారాధ్య చరిత్ర’ పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికుల ఆటపాటలు, బొమ్మలాటలు పేరుపేరునా నమోదయ్యాయి. జనం ఆడే ఆటను కావ్యంలో చేర్చడం, జనం మాటతో కావ్యం కట్టడం, శ్రామికుణ్ని కథానాయకుణ్ని చేయడం అనే మూడు పనులూ ఏడు వందల ఏళ్ళకు పూర్వమే ఇక్కడ జరిగాయి. మాచయ్య కథ చెప్పిన ఊరిలోనే ఐలమ్మ తన కథను తానే నడిపింది. ఈ పరంపర తెలిసిన విమర్శ, శ్రామికుణ్ని మూగవానిగా, జనాన్ని గుంపుగా చూపిన చిత్రాలకు పోరాట చరిత్ర అన్న పేరు అంత తేలికగా ఇవ్వదు.

7. నిర్ణయం

బెనెగల్ కృషిని తెలుగు అధ్యయనం విసర్జించరాదు. ఇంకా లోతుగా చదవాలి. ‘అంకుర్’ భూస్వామ్యంలో కులానికీ కామానికీ ఉన్న సంబంధాన్ని చూపిన అరుదైన చిత్రం. ‘నిశాంత్’ చట్టం, పోలీసు, పాలన దొరకు ఎలా లొంగి ఉంటాయో చూపుతుంది. ‘సుస్మన్’ చేనేత శ్రమకు విలువైన దృశ్యపత్రం. ఈ గుణాలన్నీ ఆయనవే. ఆయనవి కాని గుణాలను అంటగట్టడం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు; పాలకుర్తికి మాత్రం నష్టం జరుగుతుంది. ఆ నష్టం ఊహామాత్రం కాదు. పుస్తకం కన్నా తెర ముందుగా చేరే కాలంలో ‘నిశాంత్’ చూసి తెలంగాణ పోరాటాన్ని తెలుసుకొన్నానని భావించే విద్యార్థికి సంఘం అన్నమాటే తెలియకుండా పోతుంది. పంట గింజకోసం చట్టాన్నీ, గడినీ ఒకేసారి ఎదిరించిన స్త్రీ స్థానంలో ఎత్తుకొనిపోబడిన స్త్రీ నిలుస్తుంది.

2024లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. పేరు పెట్టడం ప్రభుత్వం పని. ఆ పేరు వెనుక ఉన్న చరిత్రకు పోటీగా నిలిచిన కల్పనలను గుర్తించడం పరిశోధకుల పని. ఇకమీదట ‘నిశాంత్’ను పాఠ్యాంశంగా స్వీకరించే తెలుగు శాఖ ఏదైనా, ‘మనకు తెలియని మన చరిత్ర’లోని ఐలమ్మ వాఙ్మూలాన్ని దానితోపాటు చదివించాలి. చిత్రంలో ఉన్నదానికి, వాఙ్మూలంలో ఉన్నదానికి మధ్య భేదాన్ని విద్యార్థి చేత రాయించాలి. ఆ భేదాన్ని చూడగలిగినవానికి బెనెగల్ మరింత స్పష్టంగా అర్థమవుతాడు, తెలంగాణ పోరాటమూ అర్థమవుతుంది. చూడలేనివానికి ఆ రెండూ దక్కవు.